పేపర్లో రాని పార్టీ

మాట చివర బల్లను చూపుడువేలితో కొట్టి, "రాస్కో అన్నా" అనడం ఆయన అలవాటు. నారాయణఖేడ్‌లో కొత్తగా పార్టీ పెట్టాడు. కంగ్టి వైపు ఊళ్ల నుంచి కూలి కోసం పోయే వలసలు ఆగాలన్నదే ఆయన పట్టు. నేను ఇంటర్నెట్‌లో ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాస్తాను, ఆధారాలు లేక నిలవనివి తీసేస్తాను. ఆయన పార్టీ మీద ఎవరో రాసిన వ్యాసాన్ని తీసేసింది నేనే.

బస్ డిపో ఎదుట చాయ్ హోటల్లో నన్ను పట్టుకున్నాడు.

"ఏందన్నా, మా పార్టీ లేనట్టేనా?"

"నువ్వు అచ్చేసుకున్న కరపత్రాలు ఆధారంగ చెల్లవు. పేపరోళ్లు రాయాలె," అన్నాను. అక్కడితో ఆగాల్సింది. "ఒక్క లొల్లి గూడ చెయ్యని పార్టీ గురించి ఎవడు రాస్తడే?" అని నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్లకు, వలసలు ఆపాలంటూ ఒక్కడే వెళ్లి ఓ పెద్ద నాయకుడి కారుకు అడ్డంగా పడుకున్నాడు. ఆ నాయకుడి అనుచరులు ఈడ్చి కర్రలతో కొట్టారు. స్పృహ తప్పాక కూడా ఆపలేదు. కుడిచేతిని రాయి మీద పెట్టి విరగ్గొట్టారు. మర్నాడు పేపర్లన్నీ రాశాయి. చదువుతుంటే నా నవ్వే నాకు వినిపించింది.

దవాఖానకు వెళ్లాను. పళ్లు ఊడిన నోటితో నన్ను చూసి నవ్వాడు. ఎడమచేతి వేలితో మంచం ఊచను కొట్టి, "ఇగ రాస్కో అన్నా," అన్నాడు.

రాశాను. పేపర్లో వచ్చిందే రాయాలన్నది మా నియమం. అందుకే ఆ పేజీలో వలసల మాట లేదు. ఉన్నదంతా ఆయన తిన్న దెబ్బలే.