నల్లప్ప చెప్పిన ఈత

మా నాయన నల్లప్పకు అబద్ధమాడడం చేతకాదు. చేతనై ఉంటే ఒకటి ఆడి ఊరుకునేవాడు కాదు, దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో పది ఆడేవాడు. మా ఊళ్ళో అట్లా నిలబెట్టుకున్నవాళ్ళంతా పెద్దమనుషులై అరుగుల మీద కూర్చున్నారు. మా నాయన జన్మలో ఆడింది ఒక్కటే. అదీ మా అమ్మతో, అదీ నా గురించి.

మా ఊరు గుమ్మఘట్టకు రెండు కోసుల దూరం. ఇంకో కోసు నడిస్తే కన్నడం మాట్లాడే ఊళ్ళొస్తాయి. నాయన గోవిందప్ప అనే రైతు దగ్గర కపిల తోలేవాడు. తోలుబానను బావిలోకి దించడం, ఎద్దుల్ని వాలులోకి తోలి నిండిన బానను పైకి లాగించడం, ఆ నీళ్ళు కాలవలోకి పోయడం, మళ్ళీ ఎద్దుల్ని వెనక్కి నడిపించడం. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఇదే పని. కానీ ఊళ్ళో ఆయన పేరు చెబితే ఎవరికీ కపిల గుర్తుకు రాదు. చంటిపిల్లలకు మొదటి ఈత వేయించే నల్లప్పగానే ఆయన అందరికీ తెలుసు.

బిడ్డకు మెడ నిలిచి, ఇంకా నడక రాకముందే ఆ ఈత పడాలి. అడుగు వేసిన బిడ్డకు పడతానన్న భయం తెలుస్తుందట, ఆ భయం తెలిశాక నీళ్ళు లోపలికి రానివ్వవట. ఇది నాయన లెక్క. బిడ్డ ఒంటికి చెనిగనూనె రాసి, ఊరి పెద్దబావి మెట్లు దిగి, నడుములోతు నీళ్ళలో నిలబడేవాడు. బిడ్డను అరచేతి మీద బోర్లా పడుకోబెట్టి, మొహం మీద ఉఫ్‌మని ఊదేవాడు. ఊదగానే బిడ్డ ఊపిరి బిగబడుతుంది. ఆ క్షణంలో చెయ్యి కిందికి లాగేసేవాడు. బిడ్డ కాళ్ళతో నాలుగు తన్నులు తన్నేది. నాలుగో తన్నుకు మళ్ళీ చేతిలోకి తీసుకునేవాడు.

దీన్ని తల్లి చూడకూడదు. తల్లి కంటిలో బెదురుంటుంది, ఆ బెదురు బిడ్డకు అంటుతుంది అనేవాడు. అందుకని తల్లి గట్టు మీద బావికి వీపు పెట్టి నిలబడాలి. మిగతా ఆడవాళ్ళు కూడా ఆమె వెంబడే అటు తిరిగి నిలబడేవాళ్ళు. కింది నుంచి నాయన "ఈదినాడు" అనో "ఈదింది" అనో కేక పెట్టాక తల్లి చేటలోని బొరుగులు చుట్టూ చేరిన ఊరి పిల్లల మీదికి చల్లేది. అప్పుడు గానీ వెనక్కి తిరిగేది కాదు. నేను పుట్టేనాటికి ఇరవై ఏళ్ళలో యాభై అరవై మంది పిల్లలు ఆ బావిలో ఈదారంటే, వాళ్ళు ఈదారని చెప్పడానికి మా నాయన నోరు తప్ప వేరే సాక్ష్యం లేదు. ఎవరూ అడగలేదు కూడా. ఈదిన బిడ్డను నీళ్ళు ముట్టవని ఊరంతా నమ్మింది.

అందరి బిడ్డల్నీ ఈదించిన మనిషికి ఇంట్లో బిడ్డ నిలవలేదు. నాకు ముందు ఇద్దరు పుట్టి, ఇద్దరూ మూడో నెల నిండకుండా జ్వరాలతో పోయారు. మూడో కాన్పుకు నేను. అరవై అయిదో సంవత్సరం ఉగాది ముందు పుట్టాను. మా అమ్మ తిప్పమ్మ నన్ను చూసిన మొదటి రోజే చౌడమ్మ తల్లికి మొక్కుకుంది. పుట్టు వెంట్రుకలు జాతరలో ఇచ్చేదాకా బిడ్డను నీళ్ళలోకి దించనని మొక్కు. నాకు చౌడమ్మ అని పేరు పెట్టిందీ ఆమే.

అయిదో నెలకు నా మెడ నిలిచింది. ఆ ఏడు వాన లేదు. బావిలో నడుములోతే ఉన్నాయి నీళ్ళు, అవీ రోజుకింత దిగుతున్నాయి.

"ఇప్పుడే దించాల. ఇంకో నెలకు నీళ్ళుండవు తిప్పమ్మా" అన్నాడు నాయన.

"జాతర కానీయ్. ఇద్దర్ని పోగొట్టుకున్న కడుపు నాది. మొక్కు తప్పితే ఇదీ పోతాది."

"జాతర ఫాల్గుణంలో కదా. అప్పటికి యాడుంటాయి నీళ్ళు?"

"యాడో ఒక చోట ఉంటాయి. నువ్వు ఊరికే ఉండు."

ఆయన ఊరికే ఉన్నాడు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే. ఊళ్ళో ఏ తల్లి వెనకాడినా నచ్చజెప్పి బిడ్డను చేతుల్లోకి తీసుకునేవాడు, సొంత పెళ్ళాం ముందు నోరు పెగల్లేదు. చచ్చిపోయిన ఇద్దరు పిల్లలు ఆ ఇంట్లో ఆయన నోటికి అడ్డం నిలబడ్డారేమో. ఆమెను తప్పుపట్టడానికి నాకూ మనసు రాదు.

జాతర నాటికి నాకు పదకొండో నెల. గుండు చేయించుకొని వచ్చాం. పెద్దబావి అడుగున బండ తేలింది. గోవిందప్ప బావీ ఎండి కపిల ఆగిపోయింది, ఎద్దుల్ని ఆయన సంతకు తోలేశాడు. నాయన గంజికేంద్రానికి పోయి వరుసలో నిలబడి వచ్చేవాడు. నేను గోడ పట్టుకొని లేచి నిలబడుతున్నాను. ఇక అమ్మకు భయం పట్టుకుంది. అంతకుముందు నీళ్ళలో దించితే పోతానని భయం, ఇప్పుడు దించకపోతే పోతానని భయం.

"అడుగేసేలోగా ఈదించుకోని రా. నీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడ్చింది. "ఊరోళ్ళ బిడ్డలందరికీ ఆ ఈత కాపు ఉండాది. నా బిడ్డకే లేదు."

"యాడికి పోవాల? నువ్వే చెప్పు."

"డ్యాము ఉండాది కదా. నువ్వు రాళ్ళు మోసిందే కదా."

నాయన ఏటికి అడ్డంగా ఆ డ్యాము కట్టేటప్పుడు రెండేళ్ళు రాళ్ళు మోశాడు. కట్టిన కొత్తలో నిండితే, పని చేసినవాళ్ళంతా కట్ట మీద నిలబడి చూశారట. అన్ని నీళ్ళు ఒక్కచోట ఆయన అదే మొదలు చూడడం. ఎంత ఎండినా నడిమధ్యలో మనిషి లోతు ఉండకపోతుందా అనుకొని, మర్నాడు తెల్లవారుతూనే నన్ను తువ్వాలులో కట్టుకొని, చిన్న గిన్నెలో రాగి అంబలి తీసుకొని బయలుదేరాడు. అమ్మ వాకిట్లో నిలబడి దండం పెట్టింది. రానని కాదు, చూడకూడదు కదా.

ఆ నడక సంగతి నాయన నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ సగం సగం. డ్యాము లోపలికి దిగితే నేల పగుళ్ళిచ్చి ఉంది. ఆ పగుళ్ళలో అరికాలు ఇరుక్కుపోతోంది. మైలు నడిచాక నడిమధ్యలో ఆడవాళ్ళ గుంపు కనిపించింది. నీళ్ళున్నాయనుకొని పరుగు తీశాడట. తీరా పోతే అక్కడ చేతితో తవ్విన చెలమ. మూర లోతు కూడా లేదు. చుట్టూ ముప్పై కుండలు, ఒక్కొక్కరు చిప్పతో గీకి నింపుకుంటున్నారు.

నాయన అక్కడ నిలబడి తన సంగతి చెప్పాడు. చెలమలో బిడ్డను ఒక్కసారి, ఒక్క ఊపిరిసేపు పెట్టి తీసుకుంటానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే తనకు సిగ్గేసిందని నాతో అన్నాడు.

సుబ్బరత్నమ్మ అనే ముసలామె చిప్ప కింద పెట్టి లేచింది. "ఏమప్పా, బుద్ధుండాదా నీకు? బిడ్డ ఒళ్ళు కడిగిన నీళ్ళు మేము తాగాల్నా? తెల్లార్నించి ఇంతమందిమి కాచుకోని కూర్చున్నాం."

"తప్పే తల్లీ. నాకు వేరే దోవ లేదు."

"మాకుండాదా దోవ?"

కానీ ఆమే మళ్ళీ చిప్పలో అడుగున ఊరిన నీళ్ళు పట్టి నాకు తాగించింది. నాయన తన వేళ్ళు తడిపి నా అరికాళ్ళకు రాశాడు. నేను నవ్వానట. నా మొదటి ఈత అంతే. ఆ ముసలామెకు మొక్కి, గిన్నెలో అంబలి నాకు తినిపించి, నాయన వెనక్కి తిరిగాడు.

నిజమే చెప్పాలనుకుంటూ నడిచాడు. ఊరి మొదట్లోకి వచ్చేదాకా నిజమే చెప్పాలనుకున్నాడు. వచ్చేసరికి మా ఇంటి ముందర పదిమంది ఉన్నారు. అమ్మ దోవకు వీపు పెట్టి నిలబడి ఉంది. బావి లేని చోట, నీళ్ళు లేని చోట, నాలుగు కోసుల అవతల ఏం జరుగుతుందో చూడకూడదని పొద్దున్నుంచి అట్లాగే నిలబడిందట. చేతిలో చేట. ఆ కరువులో దాదాబీ అనే పక్కింటామె యాడనుంచో తెచ్చిచ్చిన గుప్పెడు బొరుగులు అందులో ఉన్నాయి. ఊరి పిల్లలు ఆ చేట వైపే చూస్తూ నిలబడ్డారు.

అడుగుల చప్పుడు విని అమ్మ తిరగకుండానే అడిగింది. "ఈదిందా?"

నాయన ఆ పిల్లల వైపు, చేట వైపు చూశాడట.

"ఈదింది" అన్నాడు.

అమ్మ బొరుగులు చల్లింది. పిల్లలు మట్టిలో పడి ఏరుకున్నారు. ఆమె తిరిగి నన్ను లాక్కొని గుండెకు అదుముకొని ఏడ్చింది. దాదాబీ ఏడ్చింది. అంత సంతోషాన్ని ఆ ఇంట్లో నాయన ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత చెప్పే అవకాశమే రాలేదంటాడు. అవకాశం రాకపోవడమేమిటి, ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఆ అబద్ధంతోనే ఒకే కప్పు కింద ఉన్నారు. ఆయనకు ధైర్యం లేకపోయింది, అంతే.

వానలు రాగానే ఎవరికీ తెలియకుండా నాకు ఈత నేర్పేయాలని ఆయన ఉద్దేశం. కానీ రెండేళ్ళు బావిలోకి తొట్టెడు నీళ్ళు కూడా రాలేదు. నా నాలుగో ఏట, పునర్వసు కార్తెలో, మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. పెద్దబావి పై మెట్టు దాకా నిండింది. అట్లా నిండడం ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఎరగమన్నారు. నాయన పొద్దున్నే గోవిందప్ప పొలానికి, కొత్తగా తెచ్చిన ఎద్దుల్ని కపిలకు అలవాటు చేయడానికి పోయాడు. సాయంత్రం వచ్చి నన్ను బావికి తీసుకుపోదామనుకున్నాడు.

సాయంత్రం దాకా బావి ఆగలేదు. అమ్మ మైలబట్టల మూట ఎత్తుకొని, నన్ను వెంటబెట్టుకొని బావికి పోయింది. ఊరి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అయిదు నెలల కొడుకును చంకనేసుకొని నాగలక్ష్మమ్మ కూడా వచ్చింది. ఆ బిడ్డకు మర్నాడే మొదటి ఈత అని మాటయింది.

నేను పాచి మెట్టు మీద జారి నీళ్ళలో పడ్డాను.

అమ్మ లేవలేదు. చేతిలో బట్ట కూడా కింద పెట్టలేదు. "మా చౌడి డ్యాములోనే ఈదిన బిడ్డ. వస్తాదిలే" అని నాగలక్ష్మమ్మతో నవ్వుతూ అంది. నాగలక్ష్మమ్మ కూడా నవ్వింది. నేను ఒకసారి పైకి వచ్చాను, మళ్ళీ పోయాను. వాళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఊరికి ఊరు నమ్మిన నమ్మకం అది, ఒక్క మనిషి కూడా కదలలేదు.

దాదాబీ కూతురు మేరాజ్ బీ మాత్రం బిందె పారేసి, కట్టుచీరతోనే దూకింది. ఆమె మా నాయన ఈదించిన మొదటి బిడ్డల్లో ఒకతె, అప్పటికి ఇరవై నాలుగేళ్ళది. అడుగుదాకా మునిగి నా జుట్టు పట్టి పైకి తెచ్చింది. బోర్లా వేసి తట్టితే నీళ్ళు కక్కాను.

కబురు విని నాయన పరుగెత్తుకొచ్చాడు. అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. అరవలేదు.

"డ్యాములో ఈదిందా ఇది?" అంది.

ఆయన తల వంచుకున్నాడు. "లేదు. ఆడ నీళ్ళు లేవు తిప్పమ్మా."

"నా వీపు చూసి చెప్పినావా అబద్ధం? మొహం చూసుంటే చెప్పలేకపోయుందువు."

అమ్మ నన్నెత్తుకొని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. నన్ను మాత్రం ఆయనతో బావి గట్టుకు పంపలేదు. నాకు ఈత రాలేదు, ఇప్పటికీ రాదు.

ఆమె కోపం ఒక ఎత్తు, ఊరి అనుమానం ఒక ఎత్తు. ఆ రోజు బావి దగ్గరున్న మిగతా ఆడవాళ్ళు కదలకుండా నిలబడి ఎవరి బిడ్డల్ని వాళ్ళు చూసుకుంటున్నారు. మొదట నోరు తెరిచింది దాదాబీ. తడిసిన చీర పిండుకుంటూ మేరాజ్ బీ ఆమె పక్కనే ఉంది. నన్ను కాసేపటి కిందటే అడుగు నుంచి ఈదుకుంటూ తెచ్చిన కూతుర్ని పక్కన పెట్టుకొని ఆ మహాతల్లి అడిగింది.

"నల్లప్పా, నా బిడ్డ ఆ పొద్దు ఈదిందా? నిజం చెప్పు."

"ఈదింది దాదాబీ. నాలుగు తన్నులు తన్నింది. మీ బిడ్డలందరూ ఈదినారు. నా బిడ్డ ఒక్కటే ఈదలే."

నాయన ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయాడు. చేతులు చాచి, ఈ చేతులతోనే కదమ్మా అన్నాడు. ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది గానీ, నమ్ముతున్నానని ఆమె కూడా అనలేదు. నాగలక్ష్మమ్మ కొడుకును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొని, బిందె నింపుకోకుండానే ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున నాయన చెనిగనూనె గిన్నె పట్టుకొని బావికి పోయాడు. నడుములోతు మెట్టు మీద నిలబడి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నాగలక్ష్మమ్మ కోసం ఎదురు చూశాడు. ఆ ఏడు చివరిదాకా బావి నిండుగానే ఉంది. ఒక్క తల్లీ బిడ్డను తీసుకొని రాలేదు.