ఇష్ కొమ్మ

ఆ రోజుల్లో ఆక్లాండ్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు ఏం చదవాలన్న దాని మీద పెద్ద చర్చ ఉండేది కాదు. కంప్యూటర్లు, కాదంటే ఫార్మసీ. లా చదువుతున్నానంటే ఇంటికొచ్చిన ఆంటీలు, మాకేవో కోర్టు గొడవలున్నట్టు, అమ్మ వంక జాలిగా చూసేవాళ్లు. అలాంటిది, ఇక్కడ డిగ్రీ అయ్యాక పైచదువుకి జర్మనీ వెళ్తాననీ, అదీ జర్మన్‌లోనే చదువుతాననీ అనేసరికి మా హాబ్సన్‌విల్ ఇంట్లో కొన్నాళ్లు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మనిషి మాట ఇచ్చినట్టు ఎప్పుడు, ఇవ్వనట్టు ఎప్పుడు అన్న సంగతిని జర్మన్లంత లోతుగా తవ్వినవాళ్లు లేరని మా లెక్చరర్ ఒకసారి చెప్పింది. నాకది పిచ్చిలా పట్టుకుంది. ఎవరూ దారికి రాకపోతే చివరికి నాన్నే ఒక బేరం పెట్టారు. సీటొస్తే సరే, రాకపోతే ఇంకోసారి అడగకుండా టకానినిలో ఇళ్ల కొనుగోలు కాగితాలు చూసే లాయరంకుల్ ఆఫీసులో చేరాలి. అంకుల్ చాలా మంచివారు. కాని ఆయన ఏదైనా వివరిస్తుంటే మధ్యలో ఆయనకే ఆవులింతలు వచ్చేవి.

సీటు ఇవ్వాలా వద్దా అన్నది జర్మన్‌లో జరిగే వీడియో ఇంటర్వ్యూ తేల్చాలి. వ్యాకరణం యూనివర్సిటీలో నేర్చుకున్నాను, నోరు తెరిచే ధైర్యం మాత్రం జర్మనీ ఆంటీ దగ్గర. (ఆవిడది గుంటూరే. అంకుల్ ప్రాజెక్టు మీద కొన్నాళ్లు అక్కడ కాపురం చేసొచ్చినందుకు ఆ బిరుదు.) శనివారాలు బస్సెక్కి ఆల్బనీలో వాళ్లింటికి వెళ్తే, పెసరట్టు వేసి పెడుతూ పాఠం చెప్పేది.

"టెన్షన్ పడితే అంతా మర్చిపోతావ్. ముందు తెలుగులో అనుకో, తర్వాత జర్మన్‌లోకి కన్వర్ట్ చేసుకో. నేనంతా అలాగే మేనేజ్ చేశా" అనేది. ఆ సలహాని నేను మంత్రంలా పట్టుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు వాళ్లకి పొద్దున, మాకు సాయంత్రం. అమ్మ మిక్సీ వేయలేదు, కుక్కర్ పెట్టలేదు, నాన్న తలుపవతల చప్పుడు చేయకుండా నిలబడ్డారు (ఆయన ఊపిరి మాత్రం నాకు వినిపిస్తూనే ఉంది). తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు. నడుమ కూర్చున్న తెల్లగడ్డం పెద్దాయన అడిగాడు: వేలంపాట జరుగుతోంది, ఒకడు దూరంగా స్నేహితుణ్ని చూసి చెయ్యి ఊపాడు, పాట పాడాడనుకుని సరుకు వాడికే ఖాయం చేసేశారు, వాడు కొన్నట్టా కాదా? అదృష్టం, ఇది నేను చదివిందే. వాడి మనసులో ఏముందన్నది కాదు, చూసినవాళ్లకి మామూలుగా ఏం అర్థమవుతుందో అదే లెక్క, తర్వాత కావాలంటే పొరబాటని చెప్పి రద్దు చేసుకోవచ్చు, అని తడబడుతూనే చెప్పేశాను. పెద్దాయన తృప్తిగా గడ్డం నిమురుకుని, సంతోషం, ఇక సెలవు అన్నాడు.

అక్కడితో లేచొచ్చేస్తే బాగుండేది. ఆ సంతోషంలో మనసులో "వస్తానండీ" అనుకున్నాను. కన్వర్ట్ చేశాను. "ఇష్ కొమ్మ."

అంటే, వస్తున్నాను. ఎక్కడికి, అని పెద్దాయన పక్కనున్నావిడ మర్యాదగా అడిగింది. సర్దబోయి "వెళ్లొస్తాను" అనుకుని దాన్నీ మార్చి చెప్పాను, అది వెళ్లి మరీ వస్తానన్నట్టు ఇంకా ఘోరంగా కుదిరింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి, మేమింకా ఏమీ నిర్ణయించలేదు, కాని మీరు ఇప్పుడే చెప్పిన సూత్రం ప్రకారం మాకు అర్థమైందే లెక్క కదా, అన్నాడు. మా భాషలో వెళ్లేవాళ్లు వెళ్తాననరు, మళ్లీ కలవాలని వస్తానంటారు, ఇది పొరబాటు, రద్దు చేసుకుంటున్నాను అని ఏడుపు గొంతుతో చెప్పాను. ఆయన ఏదో రాసుకున్నాడు. తెర ఆరిపోయింది.

"ఏంటే, చివర్లో కొమ్మ కొమ్మ అన్నావ్?" అంది అమ్మ. చెప్తే నాన్న నుదురు పట్టుకున్నారు. "సీటివ్వకపోయినా వస్తానని వార్నింగ్ ఇచ్చినట్టుంది కదమ్మా." జర్మనీ ఆంటీకి ఫోన్ చేస్తే, అక్కడ ఉన్నన్నాళ్లూ తనూ బేకరీ నుంచి బయటికొస్తూ అదే మాట అనేదాన్నని చెప్పింది. "అందుకేనే, పాపం ఆ బేకరీ ఆవిడ షాపు మూయకుండా నాకోసం చూస్తుండేది."

తర్వాతి వారాలు అన్నం సయించలేదు. మెయిల్ శబ్దం వస్తే చాలు ఉలిక్కిపడేదాన్ని. కలలో కూడా లాయరంకుల్ ఆవులిస్తూ కనిపించేవారు. ఆఖరికి జవాబొచ్చింది. అధికారికమైన మాటల కింద పెద్దాయన విడిగా రాశాడు: మీ రద్దును మేము ఒప్పుకోవడం లేదు. రండి.

వెళ్లాను, చదివాను. తిరిగి ఆక్లాండ్ వచ్చేసేముందు ఆయన దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్లి, ఈసారి ఏ పొరబాటూ లేకుండా అచ్చమైన జర్మన్‌లో వీడ్కోలు చెప్పాను. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, తెలుగులో "వస్తాను" అన్నాడు. వెళ్లేదాన్ని నేను, అనాల్సింది నేను. దిద్దబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు సిటీలో నా ఆఫీసులో ఒప్పందాలు రాస్తూ ఒక్కో మాటకి వెయ్యి జాగ్రత్తలు తీసుకుంటుంటే, ఒక్క మాటకి అన్నం మానేసిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. వస్తానన్న పెద్దాయన ఇంతవరకూ రాలేదు, ఈ వయసులో ఇక రాలేడేమో కూడా. అయినా ఆయన మనసులో ఏముందో నాకనవసరం. నాకు అర్థమైందే లెక్క.