బాపు చదవని సగం

చక్కెర పొట్లం విప్పాక ఆ కాయితాన్ని కూడా చదివిన తరం కదా మనది. ఇవాళ సిద్దిపేటలో మా ఇంట్లో పాత దేవుడి పటం దులుపుతుంటే, వెనక అట్టలోంచి అలాంటి ఇంగ్లిషు కాయితం ఒకటి జారింది. ఇంకా తునికాకు వాసన ఉంది.

ఎనభైల్లో, బీడీలు చుడుతున్న అమ్మకు బాపు తెలుగులో చదివి వినిపించింది దాన్నే. ఎవరో లండన్ నటి కథ. పదహారేళ్లకే నాటకాల్లో చేరిందట, రాణి వేషాలు వేసిందట, తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకుందట. అంతటితో బాపు కాయితం మడిచేశాడు.

అమ్మ చుట్టడం ఆపింది. "ఇంత పెద్ద కాయిదంల గింతేనా రాసిన్రు?"

"మిగిలిందంత సబ్బు అడ్వర్టైజ్‌మెంటు."

అమ్మ నమ్మలేదు. ఆమె బడిలో నాటకాలాడిన మనిషి. పెళ్లయ్యాక బాపే మాన్పించాడు. ఇంకెవరితోనైనా చదివించుకుందామని ఆ కాయితం కోసం చాన్నాళ్లు ఇల్లంతా వెతికింది. దొరకలేదు.

ఇవాళ మిగతా సగం నేను చదివాను. నాటకాలు మానమన్నందుకు ఆ నటి మొగుణ్నే వదిలేసిందట.

అమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"సబ్బు పేరేందని గప్పుడే అడిగిన. చెప్పలే."