ఇరవై బల్బుల లెక్క

మొన్న శనివారం ఉప్పల్‌ల ఒక పెండ్లి మధ్యల ఆగింది. ఆపింది పిల్లగాని తరఫోళ్లు గాదు, పిల్ల తరఫోళ్లు గాదు. నేను. చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

పెండ్లి మా బావ చెల్లె మేరిది. అక్కోళ్ల ఇంటి ముందర తాటాకు పందిరి ఏసి, లోపల తెల్లబట్ట కట్టిన్రు. నేను నాచారం ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్ గద, లైట్ల పని నాకే చెప్పిండు బావ. పొద్దుగాల ఇరవై బల్బులు కట్టిన. ఏసి చూద్దమంటే కరెంటు లేదు. "సాయంత్రం వస్తదట, ఆరు గంటలకు ఏద్దం," అన్నడు బావ. ఫ్యూజు మాటిమాటికి పోతదని అందుల లావు రాగితీగె పెట్టింది గూడ ఆయనే.

పగటీలి షిఫ్టు అప్పజెప్పేది ఉండి ఫ్యాక్టరీకి పోయిన. మా స్టోరుకు కొత్త మీటరు వచ్చింది. నా సంచిల మిగిలిన బల్బు ఒకటి ఉండె. లైసెన్సు పరీక్ష పాసైన పొగరు ఇంక దిగలే గద, ఉత్తగనే బల్బుకు మీటరు వెట్టి రెసిస్టెన్స్ చూసిన. నలభై ఓమ్స్.

వోల్టేజి రెండు వందల ముప్పై. నలభైతోని భాగిస్తే కరెంటు ఐదు ముప్పావు ఆంపియర్లు. అది ఒక్క బల్బుకు. ఇరవైకి నూట పదిహేను. నేను గుంజిన వైరు పదిహేనుకు మించి తట్టుకోదు. పవర్ ఎంతైతదని వోల్టేజిని కరెంటుతోని గుణించిన. ఇరవై ఆరు వేల వాట్లు దాటింది. మల్ల జేసిన. మల్ల గంతే.

తాటాకు. బట్ట. రెండు వందల మంది. పందిరి గుంజకు కట్టిన ఉయ్యాలల అక్క పసిబిడ్డ. ఫ్యూజుల లావు తీగె, అది పోదు. వైరే అంటుకుంటది. గోడ మీద గడియారం ఐదున్నర.

మీటరు సంచిలనే ఏసుకొని సైకిలెక్కిన. దారిల చైను పడ్డది. తొందరల ఎక్కియ్యరాలే. ఎట్లనో ఎక్కిచ్చి తలెత్తితే ఉప్పల్ దిక్కు పొగ. అయిపోయింది అనుకున్న. ఏడ్సుకుంట తొక్కిన. దగ్గరికి పోతే ఎవరిదో ఇటుకబట్టీ.

ఇంటి ముందరికి వచ్చేసరికి ఇరవై బల్బులు ఎలుగుతున్నయి. నా కండ్లకు అవి బల్బుల్లెక్క కొడ్తలేవు, నిప్పులే. లోపల పాస్టరయ్య మేరిని అడుగుతున్నడు, "ఈయనను నీ భర్తగా అంగీకరించుటకు నీకు ఇష్టమేనా?" మేరి నోరు తెరిచింది. నేను మెయిన్ స్విచ్ గుంజిన.

"అందరు బయటికి నడువుండ్రి, పందిరి కాలుతది," అని మొత్తుకున్న. బెంచీలు పడ్డయి, పిల్లలు ఏడ్సిన్రు. అక్క ఉయ్యాల్లకెళ్లి బిడ్డను ఎత్తుకొని ఉరికింది. వాకిట్ల నిలబడి అందరం పందిరి దిక్కే చూస్తున్నం. పొగ లేదు, వాసన లేదు.

పిల్లగాని మేనమామ కాజీపేట నుంచి వచ్చిండు. నన్ను కిందికెళ్లి మీదికి చూసి, "గీయన పిల్లకు ఏమైతడు?" అని అడిగిండు.

"బావ వరుస," అన్నరెవరో.

"అట్లనా," అని తన మెడల దండ దీసిండు. "పిల్లకు ఇష్టం లేకుంటే ముందే చెప్పొచ్చు గద. కరెంటు దీసుడెందుకు?"

అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. మంటలైతే నీళ్లు పోస్తం, దీనికేం పోస్తం. పిల్లగాడు మేరిని చూస్తున్నడు. మేరి నన్ను చూస్తున్నది, చంపేటట్టు. నా పెండ్లాం సుగుణ మమ్ములను ఇద్దరినీ చూస్తున్నది.

పెండ్లికి వచ్చినోళ్లల్ల మా ఫ్యాక్టరీ పెద్ద ఎలక్ట్రీషియన్ యాదగిరన్న ఉన్నడు, నా అదృష్టం. పోయి వైరు మీద చెయ్యి వెట్టిండు. "సల్లగుంది గద తమ్మీ. ఏం లెక్క జేసినవ్?" అన్నడు. చెప్పిన. నా సంచిలకెళ్లి మీటరు దీసి, ఒక బల్బు తీగెల కలిపి, స్విచ్ ఏసిండు. కరెంటు సున్నా పాయింట్ నాలుగు మూడు ఆంపియర్లు.

"వోల్టేజిని దీంతోని భాగించు," అన్నడు.

"ఐదు వందల ముప్పై ఓమ్స్ పైన," అన్న.

"గుణించు."

"వంద వాట్లకు ఒకటి తక్కువ."

"సల్లటి బల్బుల తీగె రెసిస్టెన్స్ తక్కువుంటది. ఎలిగి కాగినంక పదింతలు దాటి పెరుగుతది. ఎలుగుతున్నప్పుడు కరెంటు కొలిచి లెక్క జెయ్యాలె. ఇరవై కలిసినా నీ వైరుకు తొమ్మిది ఆంపియర్లు రావు." బల్బు దిక్కు చూపి అన్నడు, "అయినా తమ్మీ, బల్బు మీద ఏం రాసుంది?"

చూసిన. వంద వాట్లు.

ఆయనే పిల్లగాని మామను పక్కకు దీస్కపోయి సముదాయించిండు. దండ మల్ల మెడలకు వచ్చింది. పాస్టరయ్య ప్రశ్న సగం గాకముందే మేరి అన్నది, "ఇష్టమే అయ్యగారు, బావ మల్ల స్విచ్ కాడికి పోకముందే రాసుకోండ్రి."

పందిరి కాలలే, పెండ్లి అయింది. ఇంటికి వచ్చినంక మూడో రోజు సుగుణ అడిగింది, "నిజం చెప్పు, లెక్కే తప్పిందా?" ఎంత చెప్పినా నమ్మలే. ఆఖరికి యాదగిరన్నను ఇంటికి దీస్కొచ్చి కూసోబెట్టిన. నాకు పని ఎంత రాదో, బుర్ర ఎంత తక్కువో ఆయన అరగంట చెప్పిండు. సుగుణ మొత్తం ఇని, నవ్వి, చాయ్ పెట్టింది. నా గురించి ఇంత మంచిగ ఇంతవరకు ఎవరు చెప్పలే.