అత్త తిండికి నా కాపలా

మా అత్తగారింట్లో అన్నం పారేయడం మహాపాపం. ఆ పాపం ఇంట్లో ఎవరికీ అంటకుండా చూసే పని నాది. అందరూ తిన్నాక గిన్నెలో ఎంత మిగిలితే అంతా ఆఖరున తినే కోడలే ఖాళీ చేయాలి, ఒక్క మెతుకు మిగల్చకూడదు. నా వంతు వచ్చేసరికి పప్పు అయిపోయేది, కూర గిన్నె గీకినా చెంచాకు రాదు. పెరుగు ఉట్టి మీద ఉండేది కానీ అది నాది కాదు. నాకు అన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ, పైన ఇంత గంజి. మిగలకుండా కొలిచి వండుకోవచ్చు కదా అంటారేమో. వండకూడదు. వేళ కాని వేళ చుట్టం వస్తే ఇంట్లో అన్నం లేదనిపించుకోకూడదట. అందుకని మా అత్త రాని చుట్టాలకు కూడా రోజూ బియ్యం పోసేది. ఆ రాని చుట్టాల భోజనాలన్నీ ఏళ్ళ తరబడి నేనే చేశాను.

పంతొమ్మిదివందల ముప్పైలనాటి మాట ఇది. లాల్‌దర్వాజాలో మాది పాల వ్యాపారం చేసే ఇల్లు. వాకిట్లోనే కొట్టం, కొట్టం నిండా బర్రెలు. పొద్దున్నే మగవాళ్ళు పాలు తీసుకొని వాడుక ఇళ్ళకు పోయేవాళ్ళు. కొత్త కోడలు గడప దాటకూడదు కాబట్టి నా పనంతా ఆ గోడల మధ్యే, అదీ ఎక్కువగా కూర్చుని చేసేదే. కూర్చుని వెన్న తీయడం, కూర్చుని బియ్యం ఏరడం, పొయ్యి ముందు కూర్చుని పాలు కాచడం. కాపురానికి వచ్చిననాడు పుల్లలా ఉన్నదాన్ని, కొన్నాళ్ళకు నా రవికెలు నాకే పట్టకుండా పోయాయి.

నా ఒళ్ళు పెరగడం మా అత్తకు పెద్ద వేడుక. మా బావి నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళ ముందు నన్ను పిలిచి నిలబెట్టేది, ఒకసారి వెనక్కి తిరగమనేది. కొట్టంలో నాకూ ఒక గుంజ పాతించాలని, పగ్గం కొనాలని చెప్పి నవ్వించేది. అది చాలదన్నట్టు నేను వెన్న దొంగతనంగా తింటున్నానని పుకారు పుట్టించింది. వెన్న కుండ పెట్టెలో ఉండేది, పెట్టె తాళంచెవి ఆమె నడుముకు ఉండేది. ఆ తాళంచెవి ఊడదీసి వెన్న తినడానికి నేనేమన్నా గారడీదాన్నా? కానీ ఈ మాట ఎవరికీ తోచలేదు. లావుగా ఉన్న మనిషి ఏం చెప్పినా జనం ముందు ఆమె ఒంటినే చూస్తారు.

ఇంకా ఒళ్ళు మండే సంగతేమిటంటే, ఆమెకు తెలియని విషయం కాదు. బర్రెల మేపులో మా అత్తను మించినవాళ్ళు ఆ గల్లీలో లేరు. కుడితిలో గంజి ఎక్కువ పోస్తే జీతగాణ్ణి తిట్టేది. గంజే ఎక్కువ తాగితే బర్రెకు కొవ్వు పడుతుంది, పాలు తగ్గుతాయి, తెలగపిండి పెట్టాలి, పత్తిగింజలు పెట్టాలి, కాస్త తిప్పుకు రావాలి అని ఆమే చెప్పేది. అలా బర్రెలకు వద్దని ఆపిన గంజి నా కంచంలోకి వచ్చేది. గంజితో మనిషెక్కడన్నా లావవుతుందా అనేది. బర్రె లావైతే గంజి వల్ల, కోడలు లావైతే దొంగతిండి వల్ల.

ఒకరోజు మా బాపు నన్ను చూడడానికి వచ్చాడు. మూసీ అవతల మా పుట్టిల్లు, ఏట్లో దిగి నడిచి వచ్చాడు. బాపు పంచె తడిసిపోయి, చంకలో నాకోసం తెచ్చిన చీర మూటతో వాకిట్లో నిలబడ్డాడు. మా అత్త ఆయన్ను కూర్చోమనలేదు. కొట్టం దూలానికి దాణా తూచే కాంటా వేలాడుతుండేది, రెండు పక్కలా పెద్ద పెద్ద చెక్క తట్టలతో. నన్ను ఆ తట్టలో కూర్చోమంది. నేను కదలకపోతే రెక్క పట్టి కూర్చోబెట్టింది. రెండో తట్టలో తెలగపిండి బస్తా ఎత్తించింది. బస్తా పైకి లేచింది, నేను కిందికి దిగాను. గోడ మీంచి చూస్తున్నవాళ్ళు విరగబడి నవ్వారు.

"సూడు అన్నా, మీ బిడ్డ మా ఇంటికొచ్చి ఎంత తిన్నదో. మల్ల మేం తిండి పెడ్తలేమని ఎవ్వల్తోని అనకు," అంది.

బాపు తల దించుకున్నాడు. చీర మూట గడప మీద పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన మా ఇంటికి మళ్ళీ రాలేదు. నేను తట్టలోంచి దిగి లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని పళ్ళు నూరుకున్నాను. ఈమెను ఊరికే వదిలితే నేను మా బాపు బిడ్డనే కాదనుకున్నాను. ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

చాలా ఏళ్ళు ఎదురుచూశాను. నాకు పిల్లలు పుట్టారు, యుద్ధం వచ్చింది, బియ్యం కరువైంది, ఊరంతా జొన్నల మీద పడింది. మా అత్త మాత్రం జొన్నరొట్టె ముట్టనంది. గతిలేనివాళ్ళ తిండట అది. ఎక్కడెక్కడినుంచో బియ్యం తెప్పించుకొని, పూటపూటకూ పళ్ళెం నిండా అన్నం, దాని మీద నెయ్యి, చివర్లో పాలూ బెల్లం కలిపి ఇంకో ముద్ద తినేది. అప్పటికి ఆమె కొట్టంలోకి దిగడం మానేసింది. మంచం మీద కూర్చుని అందరి మీదా అరవడం ఒక్కటే పని.

అలాంటి మనిషికి దాహం పట్టుకుంది. కూజాలు కూజాలు తాగేది, మాటిమాటికీ పెరట్లోకి పోయేది. ఆమె పోయివచ్చిన చోట చీమలు బారులు కట్టేవి. తింటున్నా ఒళ్ళు నీరసం. ఒక బర్రె ఆమె కాలు తొక్కితే పడిన చిన్న పుండు మానకుండా రోజురోజుకూ పెద్దదైంది. మా ఆయన భయపడి దవాఖానాకు తీసుకుపోయాడు. ఆసరాకు నేనూ వెంట పోయాను.

డాక్టరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఆమె మూత్రం చుక్కలు వేసి దీపం మీద వేడి చేశాడు. నీలం పోయి ఇటుక రంగుకు తిరిగింది. అది శక్కర్ బీమారి, అంటే చక్కెర జబ్బు అని చెప్పి, మాకు అర్థమయ్యేట్టు విడమర్చాడు. అన్నం, గంజి నాలుక మీద తీపి లేకపోయినా కడుపులోకి పోయాక చక్కెరే అవుతాయట. ఒంటితో పని చేస్తే ఆ చక్కెర ఖర్చవుతుంది, చేయకపోతే కొవ్వయి నిలుస్తుంది. ఈమె ఒంట్లో అది ఖర్చూ కావడం లేదు, లోపల అణగడమూ లేదు, నెత్తుట్లో తిరిగి పుండును మాననివ్వడం లేదు. నోరు కట్టుకుంటే కాలు దక్కుతుంది, లేకపోతే కాలు తీసేయాలి, అప్పటికీ ప్రాణం మీద భరోసా లేదన్నాడు. బియ్యం, బెల్లం, ఆలుగడ్డ బంద్. పూటకొక జొన్నరొట్టె, ఆకుకూరలు, గుడ్డు, వెన్న తీసిన మజ్జిగ. పొద్దునా సాయంత్రం ఒంటికి కాస్త పని.

నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. గంజి కొవ్వవుతుందని డాక్టరు నోట వచ్చిన మాట నా చెవుల్లో అమృతం పోసినట్టయింది. మా అత్త ముఖంలోకి సూటిగా చూశాను. ఆమె చూపు తిప్పుకుంది.

ఈమె మా మాట వినదు సాబ్ అని మా ఆయన మొత్తుకున్నాడు. ఇంట్లో వంట ఎవరు చేస్తారని డాక్టరు అడిగాడు. మా ఆయన నావైపు చూపించాడు. అయితే తాళంచెవులు ఈమెకివ్వండి, ఈమె పెట్టిందే తినాలి అన్నాడు డాక్టరు. ఆయనకేం తెలుసు పాపం. పగబట్టిన మనిషి చేతికి పగ్గమిచ్చి పంపాడు.

అన్నంలో విషం కలిపే పిచ్చిదాన్ని కాదు నేను. అంత కష్టం అక్కర్లేదు కూడా. ఆమె అడిగినంత అన్నం పెడితే చాలు, ఆమె కథ ముగిసేది, నాకు మంచి కోడలన్న పేరు మిగిలేది. కానీ ఆమె అంత సుఖంగా, కడుపు నిండి పోవడం నాకిష్టం లేదు. నాకు ఆమె బతకాలి. బతికి, పూటపూటకూ నా ముందు చెయ్యి చాపాలి.

ఆ రోజునుంచి పళ్ళెంలో ఒక్క రొట్టె, ఇంత గంగవాయిలి ఆకుకూర. మేమందరం ఆమె ఎదుటే కూర్చుని అన్నం తినేవాళ్ళం. నేను ఆమెకు కనిపించేట్టు కూర్చుని కలుపుకునేదాన్ని. అలాగని మళ్ళీ గిన్నెలు ఖాళీ చేయలేదు. వంట కొలిచి వండడం మొదలుపెట్టాను, పప్పూ పెరుగూ తిన్నాను, కొట్టం పని చేతికి తీసుకున్నాను. మెల్లమెల్లగా నా ఒళ్ళు తగ్గింది. ఆ తగ్గడం ఆమె మంచం మీంచి చూస్తూనే ఉంది. నెలకోసారి బరువు చూడమన్నాడు డాక్టరు. నీళ్ళ వేళ, ఆడవాళ్ళంతా ఉన్నప్పుడు చూసి ఆమెను కాంటా తట్టలో కూర్చోబెట్టాను. ఎవరూ నవ్వలేదు. నవ్వాలని నాకుండింది.

మొదట నన్ను తిట్టింది, తర్వాత శపించింది, ఆ తర్వాత బతిమాలింది. గుప్పెడు బియ్యం, పోనీ ఇంత గంజి అని చెయ్యి పట్టుకుంది.

"గంజా అత్తమ్మా? గంజితోని మనిషి లావు కాదంటివి గద. నీకేం జేస్తది?" అన్నాను.

ఆ రోజు నా కడుపు ఎంత చల్లబడిందో చెప్పలేను. ఆమె ఏడ్చింది. గంజి మాత్రం పోయలేదు. ఎండాకాలం గడిచేసరికి గాజు గొట్టంలో మందు ఇటుక రంగుకు పోకుండా ఆకుపచ్చ దగ్గరే ఆగింది, పుండు అంచులు దగ్గరపడ్డాయి. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. గల్లీలో అత్తలందరూ తమ కోడళ్ళకు నన్ను చూపించి బుద్ధులు చెప్పారు. నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.

ఆషాఢంలో బోనాలకు మా ఆడబిడ్డ పిల్లలతో వచ్చింది. తల్లి చిక్కిపోయిన ఒళ్ళు చూసి గుండెలు బాదుకుంది. నేను కడుపు మాడ్చి చంపుతున్నానని గల్లీ అంతా చెప్పింది. బోనం అంటే పాలూ బెల్లం వేసి వండిన అన్నం. అమ్మవారికి చూపించి తెచ్చాక, ప్రసాదం కాదనకూడదని తల్లికి ఇంత పెట్టింది. అక్కడితో ఆగిందా? నేను కొట్టంలో ఉన్నప్పుడల్లా కొంగు చాటున అన్నం ముద్దలు, బెల్లం గడ్డలు అందించింది. తల్లి గుటుక్కున మింగి మూతి తుడుచుకునేది. నాకు తెలిసేసరికి కాలు మళ్ళీ వాచింది, పుండు రసి కారింది. దవాఖానాలో గొట్టం మళ్ళీ ఇటుక రంగుకు వచ్చింది. వారం చూస్తాను, తగ్గకపోతే మోకాలి కింద కోసేస్తాను అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చాక ఆడబిడ్డ తిన్నగా వంటింట్లోకి పోయింది. కాలు పోయేదెలాగూ పోతుంది, అమ్మ ఆకలితో పోవడమేమిటని ఏడుస్తూ పళ్ళెం నిండా వేడన్నం, నెయ్యి, బెల్లం తెచ్చి మంచం మీద పెట్టింది. మా ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. అడ్డం పోవాల్సింది నేనే. నా చేతిలో జొన్నరొట్టె ఉంది. ఆ క్షణం నాకు అడ్డం పోవాలనిపించలేదు. తిననీ అనుకున్నాను. తిని కాలు పోగొట్టుకోనీ, పాకుతూ పెరట్లోకి పోనీ. నేను కాదు కదా పెట్టింది. రొట్టె పళ్ళెం మంచం ఇంకో చివర పెట్టి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

మా అత్త అన్నం వైపు చూసింది. వేళ్ళు మెతుకుల దాకా పోయాయి. తర్వాత ఆ పళ్ళెం కూతురి వైపు తోసేసింది.

"నీకు నా మీద ప్రేమ, పావురం బిడ్డా. నేను ఏడుస్తె నీ పానం ఆగది, పెడ్తవ్. నువ్వు పెడ్తే నేను సస్త," అంది. తర్వాత నావైపు చెయ్యి చాపింది. "దీనికి నేనంటే కసి. ఎన్నేండ్ల సంది సూస్తలేనా. నేను కాళ్ళు మొక్కినా ఇది మెతుకు పెట్టది. గా రొట్టె ఇటు తేవే. నేను అడిగినా సరే, అన్నం పెట్టకు."

ఇంటిల్లిపాదీ నావైపు చూశారు. నా ముఖం కందిపోయింది. ఇన్నేళ్ళు నేను దాచుకున్నాననుకున్నది ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెలిసే నా చేతి కింద కూర్చుంది. జీతగాణ్ణి పెట్టుకున్నట్టు నా పగను కూడా తన కాలు కాపాడుకునే పనికి పెట్టుకుంది. ఒళ్ళంతా భగ్గుమంది. ఆ రొట్టె తీసి బర్రెలకు వేద్దామనుకున్నాను. వేస్తే ఆమె అన్నం తిని కడుపు నిండి పోతుంది, నేను ఓడిపోతాను. ఇస్తే ఆమె అనుకున్నట్టే బతుకుతుంది, అప్పుడూ నేనే ఓడిపోతాను.

ఇచ్చాను. తుంచి నోట్లో పెట్టుకుని, రొట్టె సరిగ్గా కాలలేదని నన్ను తిట్టింది.