ల్యాంపు నంబరు

నస్పూర్ బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లు ఒకరినొకరు టోపీకి పెట్టుకునే ల్యాంపు నంబరుతోనే పిలుచుకునేవారు. మా బాపు ప్రాణస్నేహితుడు నూటపద్దెనిమిది.

రిటైరయ్యాక ఒకరోజు ఇద్దరూ చాయ్ హోటల్లో కలిశారు. రెండు ఫోన్లను వీపుకు వీపు ఆనిస్తే పేరూ నంబరూ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లిపోతాయని నేనే గొప్పగా చూపించాను. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. బాపు ఫోన్లో ఆయన అసలు పేరు, ఇంటిపేరుతో సహా పడింది. ఆ పేరుతో బాపు ఆయన్ని ఒక్కనాడూ పిలవలేదు.

“గట్ల కాదు, నూటపద్దెనిమిది అని రాయి,” అన్నాడు బాపు.

“తర్వాత రాస్త తియ్యి,” అన్నాను. రాయలేదు. అంత తీరిక లేని మొనగాణ్ణి మరి.

వానాకాలంలో ఆ పేరుతో నాలుగుసార్లు ఫోన్ మోగింది. బాపు కూడబలుక్కుని చదివి, “ఎవరో తెల్వనోళ్లు,” అని పక్కన పెట్టేశాడు.

వారం తర్వాత చాయ్ హోటల్లో తెలిసింది, నూటపద్దెనిమిది చనిపోయాడని. ఆస్పత్రి మంచం మీంచి బాపుతో మాట్లాడాలనే అన్నిసార్లు చేశాడట.

ఇంటికొచ్చాక బాపు ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“గిప్పుడన్న రాయి, బిడ్డా.”