లాడ్ బజార్‌లో నన్ను మరిచిన బాపమ్మ

మొన్న మేనకోడలికి గాజులు కొనడానికి లాడ్ బజార్‌కు వెళితే, ఒక కొట్టు వెనక గదిలోంచి బొగ్గుల సెగకు మెత్తబడుతున్న లక్క వాసన వచ్చింది. కొంచెం తీపిగా, కొంచెం మాడినట్టుగా ఉండే ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, తొమ్మిదేళ్ల వయసులో అదే బజారులో ఎత్తు స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని ఒంటరిగా కూర్చున్న సాయంత్రం గుర్తుకొస్తుంది.

మాది కిషన్‌బాగ్. రెండు గదుల ఇల్లు, వెనక రేకుల కొట్టం, అందులో నాలుగు బర్రెలు. బాపు అని మేం పిలిచే మా నాన్న బస్సుల డిపోలో మెకానిక్. పాడి మాత్రం బాపు తల్లిది, అంటే మా బాపమ్మది. పొద్దున్నే పాలు పిండి, గల్లీ గల్లీ తిరిగి పోసి వచ్చేది. ఎవరింట్లో పసిపిల్ల ఉంది, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరికి ఎప్పుడు గిన్నెడు పాలు ఎక్కువ కావాలి అన్నీ ఆమె తలలోనే ఉండేవి. వానాకాలంలో కుంపటి మీద మక్క కంకులు కాల్చి, ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది మా చేతికిచ్చేటప్పుడు, ఎవరికి కారం పడదో, ఎవరికి పాలపళ్లు ఊడాయి కాబట్టి గింజలు వలిచి పెట్టాలో ఆమె ఎవరినీ అడిగేది కాదు.

ఆ ఏడు బోనాలు అయిపోయాక బాపమ్మకు జ్వరం పట్టుకుని మూడు వారాలు లేవనివ్వలేదు. లేచాక మనిషి మునుపటిలా లేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేది. తాళంచెవి కొంగునే కట్టుకుని ఇల్లంతా వెతికేది. నన్ను మా చిన్నత్త పేరుతో పిలిచేది. జ్వరం నీరసమే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పైగా చిన్నత్త పెళ్లి దగ్గర పడింది.

పెళ్లి గాజుల రంగులు చూసి వద్దామని ఒక మధ్యాహ్నం బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని లాడ్ బజార్‌కు వెళ్లింది. నన్ను గాజుల కొట్టులో కూర్చోబెట్టి, ఎదురుగా జరీ అంచులు అమ్మే కొట్టుకు పోయింది. అక్కడి నుంచి బయటికొచ్చి నేరుగా ఇంటికి బస్సెక్కేసింది.

చాలాసేపు చూసి నేను ఏడుపు అందుకున్నాను. గాజుల కొట్టు చాచా, "రో నక్కో బేటీ, దాదీ అభీచ్ ఆతీ" అంటూ, ఏడవకు, బాపమ్మ ఇప్పుడే వస్తుందని ఓదార్చి, విరిగిన గాజుముక్కల డబ్బా ముందు పెట్టి, రంగులవారీగా ఏరమన్నాడు. ఆకుపచ్చవన్నీ ఏరి ఎర్రవి మొదలుపెట్టేసరికి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా బాపు సైకిల్ మీద వచ్చాడు. "అత్తమ్మా, పిల్ల ఏది?" అని అమ్మ అడిగేదాకా బాపమ్మకు నేను గుర్తే రాలేదట.

ఇంటికి వెళ్లేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. "నేనే ఇడిశిపెట్టి వచ్చిన" అంది. నా తల నిమరడానికి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"అమ్మా, ఇగ నువ్వు ఒక్కదానివి గడప దాటకు" అన్నాడు బాపు. పక్కింటావిడ జ్ఞాపకశక్తికి మంచిదని ఒక లేహ్యం సీసా తెచ్చిచ్చింది. బాపమ్మ మూత తీసి వాసన చూసి గూట్లో పెట్టేసింది. "ఈ సీసకు నా మనుమరాలి పేరు ఎరుకనా?" అంది.

గల్లీ చివరి డాక్టరమ్మ కూడా మందేమీ రాయలేదు. "జ్వరం పోయినంక కూడా సరిగ్గ నిద్రపోతలేవు. కడుపునిండ తిను, నడువు, మంచిగ నిద్రపో. తలకు రోజూ ఏదన్న పని చెప్పు" అంది. ఆమె నిద్ర చెడకుండా పొద్దుటి పాలు బాపు పిండడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెప్పిన మిగతాదంతా బాపమ్మే చూసుకుంది. తాళంచెవికి గోడకు ఒక మేకు కొట్టించింది. "తాళమేసిన, చెవి మేకుకు పెట్టిన" అని ఏ పని చేసినా పైకి అనేది. పొద్దున నన్ను తీసుకుని నాలుగు గల్లీలు నడిచేది. సాయంత్రం గడప మీద కూర్చుని, పొద్దుటి నుంచి ఏం తిన్నాం, ఎవరు కనబడ్డారు, ఏం మాట్లాడారు అని ఒకరికొకరం వరుసగా చెప్పుకునేవాళ్లం. ఆమె చెప్పినదాంట్లో నేను తప్పు పట్టుకుంటే నవ్వి ఊరుకునేది కాదు, మళ్లీ మొదటి నుంచి చెప్పేది.

పెళ్లికి ఇంటి ఆడవాళ్లు, ఆడపిల్లలు తొమ్మిదిమందికి గాజులు కావాలి, ఎవరి సైజు వాళ్లదే. బాపమ్మ చదువుకోలేదు. అందుకని మనసులోనే మా ఇంట్లో ఒక్కొక్కరిని ఒక్కోచోట నిలబెట్టి, పక్కనే వాళ్ల గాజు సైజు పెట్టుకుంది. "గేటు కాడ పెద్దత్త, రెండు ఎనిమిది. పొయ్యి కాడ మీ అమ్మ, రెండు నాలుగు. బావి గిలక కాడ పెండ్లిపిల్ల, రెండు ఆరు..." నడుస్తూ రోజూ వల్లించేది.

పెళ్లికి వారం ముందు, గాజులు తానే తెస్తానంది. బాపు సరేనన్నాడు. కానీ అమ్మ చేత సైజులన్నీ రాయించి, ఆ కాగితం నా గౌను జేబులో పెట్టి, "తప్పితే జెప్పు" అని నా చెవిలో అన్నాడు.

కొట్టులో బాపమ్మ కళ్లు మూసుకుంది. గేటు దగ్గర మొదలుపెట్టి ఒక్కో పేరూ ఒక్కో సైజూ చెబుతుంటే చాచా గాజుల దండలు తీసి వరుసగా పేర్చాడు. నేను ఒళ్లో కాగితం విప్పి చూస్తున్నాను. ఎనిమిదిమందివీ సరిగ్గా చెప్పింది. తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయింది. అది నాది. మళ్లీ నన్నే మరిచిపోయిందనుకున్నాను. చెబుదామని నోరు తెరిచాను.

"ఆగు, జెప్పకు" అంటూ కళ్లు తెరిచింది. "నిన్ను మరువలే. ఆ కాయిదం మీద నీ పోయినేటి చెయ్యి కొలతనే ఉంటది. ఇటు తే." నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, మూడు గాజులు మార్చి చూసింది. మూడోది సరిపోయింది. తిరుగు దారిలో బస్సు దిగేదాకా ఆ చెయ్యి వదలలేదు.

ఆమె పూర్తిగా మునుపటిలా అయిందని చెప్పను. చివరిదాకా నన్ను అప్పుడప్పుడు చిన్నత్త పేరుతోనే పిలిచింది. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు పాలు పోసింది, ఒంటరిగానే గడప దాటింది.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. ఆ చోట మూడంతస్తుల ఇల్లు లేచింది, కింద బండ్లు నిలుపుతారు. గల్లీలో గడపల మీద సాయంత్రాలు కూర్చునేవాళ్లూ లేరు. నాకు యాభై దాటాయి. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడిపోవడం మొదలైంది. జ్ఞాపకశక్తి మాత్రలు తెప్పిస్తానని మా అబ్బాయి అన్నాడు, వద్దన్నాను. పెందలాడే పడుకుంటున్నాను, పొద్దున నడుస్తున్నాను. నిన్న సాయంత్రం బాల్కనీలో కూర్చుని రోజంతా వరుసగా పైకి చెప్పుకుంటుంటే, మా ఆయన వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు.

"కూసో. పొద్దుగాల ఏం తిన్నవో చెప్పు" అన్నాను.

ఫోను పక్కన పెట్టి కూర్చున్నాడు. "ఇడ్లీ... కాదు, ఆగు, మొదటి నుంచి చెప్త" అన్నాడు.